వైద్య అకాడమీ – మన ఉప్పు జాడీ

మా చిన్నతనంలో బరంపురం వీధుల్లోకి ఉప్పు అమ్మే ముసలామె ఒకతె వచ్చేది. తలమీద గంప, గంపలో తడితడిగా కళ్లుప్పు. "ఉప్పో!" అని ఆమె కేక వినబడగానే మా మామ్మగారు మానిక పట్టుకొని అరుగుమీదికి వచ్చేవారు. ఒక్కొక్కప్పుడు డబ్బులకు బదులు గుప్పెడు బియ్యం ఇచ్చేవారు. గంజాం జిల్లాలో హుమ్మ ఉప్పుమళ్లు మాకు దూరం కావు. కాబట్టి ఉప్పు ఎక్కడినుంచి వస్తుందని మేము ఎన్నడూ ఎవరినీ అడగలేదు.

తరువాత కొన్నేళ్లకు ఆ ముసలామె రావడం మానుకొన్నది. 1998లో మాత్రం ఒక సంగతి బాగా జ్ఞాపకం. అయొడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మకూడదని సర్కారు దేశమంతటా కట్టడి చేసిందని మా నాన్నగారు పేపరు చూసి చెప్పారు. మామ్మగారు పొట్లంలోని మెత్తటి తెల్లని ఉప్పును వేలితో రాసి చూసి, "ఉప్పుక్కూడా మందు కలిపేరా, నాయనా! ఇది మంచిదని ఎవరు చెప్పేరు వీళ్లకి?" అని అడిగారు.

ఆమె వేళాకోళానికే అని ఉండవచ్చు. కాని అది మంచి ప్రశ్న. ఢిల్లీలో కూర్చున్న పెద్దలు మన వంటింటి ఉప్పు జాడీ మూత తీయాలంటే వారికి ఎవరో నమ్మదగినవారు చెప్పి ఉండాలి. ఆ చెప్పేవారెవరు? వారి మాటకు విలువ ఎంత? వారి మాట వినకపోతే ఏమౌతుంది? ఈ విషయాన్ని మా పాఠక సోదరీ సోదరులకు తెలిసినంతవరకు మనవి చేద్దామని ఈ వ్యాసం.

అకాడమీ అంటే ఏమిటి?

అకాడమీ అంటే పండితుల సభ. వైద్య అకాడమీ అంటే ఒక దేశంలో వైద్యశాస్త్రంలో ఆరితేరినవారు కూడే సభ. దానికి ఆస్పత్రి ఉండనక్కరలేదు, అధికారమూ ఉండనక్కరలేదు. ఉండవలసినది మాట. ఆ మాటమీద జనానికి, ప్రభుత్వానికి గురి ఉండాలి.

ఇటువంటి సభలలో పాతది పారిస్ నగరంలోనిది. యానాంలోని మన సోదరుల పెద్దలు ఒకప్పుడు ఏ ఫ్రెంచి ప్రభుత్వం ఏలుబడిలో ఉండేవారో, ఆ ప్రభుత్వానికే అది సలహాదారు. 1820 డిసెంబరులో పద్దెనిమిదవ లూయీ రాజు దానిని నెలకొల్పాడు. అంటువ్యాధులు వచ్చినప్పుడు ఏమి చేయాలి, మశూచికి టీకాలు ఎలా వ్యాపింపజేయాలి, బజారులో అమ్మే రహస్య ఔషధాలలో నిజమెంత, ఊటనీళ్ల గుణాలేమిటి అని ప్రభుత్వం అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పడం దాని పని. రాజులు పోయారు, సామ్రాజ్యాలు పోయాయి, ఆ సభ మాత్రం రెండు వందల ఏళ్లు దాటి నేటికీ ఉన్నది.

అంతమాత్రాన పండితుల సభ ఎన్నడూ తప్పు చేయదని అనుకోరాదు. 1865లో విల్మాఁ అనే సైనిక వైద్యుడు ఆ సభ ముందు నిలబడి, క్షయవ్యాధి ఒకరినుంచి మరొకరికి అంటుకొనేదని కుందేళ్లపై చేసిన ప్రయోగాలతో సహా చెప్పాడు. పెద్దలలో చాలామంది ఒప్పుకోలేదు. 1882లో జర్మనీలో కోఖ్ మహాశయుడు క్షయ క్రిమిని చూపించిన తరువాతగాని ఆ వాదం అణగలేదు. పదిహేడేళ్లు! ఆ పదిహేడేళ్లలో ఎన్ని ఇళ్లలో ఒకే గదిలో రోగి, పసిపిల్లలు కలిసి పడుకొన్నారో! అకాడమీ మాటకు బరువు ఉన్నది కనుకనే దాని ఆలస్యానికి కూడా బరువు ఉంటుంది.

మన దేశంలో ఇటువంటి సభ 1961 ఏప్రిల్ 21న భారతీయ వైద్య విజ్ఞాన అకాడమీ అనే పేరుతో రిజిస్టరు అయినది. ఆ ఏడాది డిసెంబరు 19న ప్రధాని నెహ్రూగారు దానిని ప్రారంభించారు. 1976లో దాని పేరు జాతీయ వైద్య విజ్ఞాన అకాడమీగా మారినది. వైద్యంలో ఉన్నత పరీక్షలు దేశమంతటా ఒకే ప్రమాణంలో ఉండాలని 1975లో జాతీయ పరీక్షల బోర్డు ఈ అకాడమీ నీడలోనే పుట్టి, 1982లో వేరు కాపురం పెట్టుకొన్నది. డాక్టర్లు చదువు ముగిసిన తరువాత కూడా కొత్త సంగతులు నేర్చుకొనేందుకు ఏర్పాట్లు చేయడం, ప్రతిభావంతులను సభ్యులుగా గౌరవించడం, ఆరోగ్య సమస్యలపై నిపుణుల బృందాలను వేసి నివేదికలు తెప్పించడం అకాడమీ చేసే పనులు.

దీనికంటె పాతది మరొకటి ఉన్నది. అది 1911లో పుట్టి, 1949లో భారత వైద్య పరిశోధన మండలిగా పేరు మార్చుకొన్నది. పరిశోధనలకు డబ్బు ఇవ్వడం, పరిశోధనాలయాలు నడపడం దాని పని. ఈ రెంటికీ గల తేడా మా వంటి కచేరీ గుమాస్తాలకు సులభంగా బోధపడుతుంది. క్షేత్రంలోకి వెళ్లి లెక్క తేల్చి రిపోర్టు వ్రాసేవారు ఒకరు. ఆ రిపోర్టును, దానితోపాటు వచ్చిన పది ఇతర కాగితాలను చదివి, ఇందులో సారమిది, చేయవలసినదిది అని నోటు పెట్టేవారు మరొకరు. ఉత్తర్వుపై సంతకం చేసేవారు వేరొకరు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుంటినా ఫైలు కదలదు. ఉప్పు ఫైలు ఎలా కదిలినదో చూడండి.

కాంగ్రా లోయలో ఉప్పు

మన మెడలో థైరాయిడ్ గ్రంథి ఒకటి ఉన్నది. దాని పనికి అయొడిన్ కావాలి. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. మనిషి పుట్టింది మొదలు కాటికి పోయేవరకు కావలసిన అయొడిన్ అంతా పోగు చేస్తే ఒక చెంచాడు మించదు. కాని ఆ చెంచాడు ఒకేసారి మింగితే లాభం లేదు. రోజూ రవ్వంత అందాలి. అందకపోతే గ్రంథి ఉబ్బి మెడవద్ద గళగండం ఏర్పడుతుంది. అంతకంటె పెద్ద నష్టం కంటికి కనబడనిది. గర్భిణికి అయొడిన్ చాలకపోతే కడుపులోని బిడ్డ మెదడు సరిగా ఎదగదు. కొందరికి వినికిడి, మాట కూడా పోతాయి.

వానలు, వరదలు, మంచునదులు వేల ఏళ్లుగా నేలలోని అయొడిన్‌ను కడిగివేసిన చోట్ల ఈ జబ్బు ఎక్కువ. హిమాలయ ప్రాంతం ఇందుకు పెట్టింది పేరు. అక్కడి ఊళ్లలో గళగండం ఒక జబ్బు అని కూడా జనం అనుకొనేవారు కారు. తాతకున్నది, తండ్రికున్నది, తమకున్నది.

ఈ చిక్కుముడి విప్పినవారిలో ముఖ్యులు మన తెలుగువారు కావడం మనకు సంతోషం. డాక్టర్ వులిమిరి రామలింగస్వామిగారు 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు, ఆక్స్‌ఫర్డులో పరిశోధన గావించారు, కూనూరు పోషకాహార పరిశోధనాలయంలో పనిచేశారు. తరువాత ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు వెళ్లి 1969 నుంచి 1979 వరకు దానికి డైరెక్టరుగాను, 1979 నుంచి 1986 వరకు పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గాను ఉన్నారు. ఆయన పుట్టిన జిల్లాలోనే నౌపడ ఉప్పు కొఠార్లు ఉన్నాయి. ఉప్పు గాలి పీల్చిన సీమ బిడ్డడు ఉప్పుతోనే దేశానికి మేలు చేయడం చిత్రం!

1950ల నడుమ ఆయన, ఆయన సహచరులు కాంగ్రా లోయను ఎన్నుకొన్నారు. నేడు అది హిమాచల ప్రదేశ్‌లో ఉన్నది, అప్పుడు పంజాబులో ఉండేది. సుమారు లక్ష జనం గల ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. 1956లో లెక్క చూడగా మూడు భాగాలలోను బడిపిల్లలు నూటికి సుమారు 38 మందికి గళగండం ఉన్నది. తరువాత రెండు భాగాలకు అయొడిన్ కలిపిన ఉప్పు, మూడవ భాగానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. జనం చేయవలసిన కొత్త పని ఏమీ లేదు. ఎప్పటివలె ఉప్పు కొనుక్కొని కూరలో వేసుకోవడమే.

1962లో మళ్లీ చూశారు. అయొడిన్ ఉప్పు తిన్న రెండు భాగాలలోను గళగండం సగానికో, అంతకంటె తక్కువకో దిగినది. మామూలు ఉప్పు తిన్న భాగంలో నూటికి సుమారు 40 దగ్గరనే ఉన్నది. ఇక సందేహం లేదు. వెంటనే ఆ మూడవ భాగానికి కూడా అయొడిన్ ఉప్పు ఇచ్చారు. 1968 నాటికి అక్కడ 17కు, తక్కిన రెండు చోట్ల సుమారు 9కి దిగినది.

రిపోర్టు ఉన్నది, ఉత్తర్వు ఏది?

1962లోనే కేంద్ర ప్రభుత్వం జాతీయ గళగండ నివారణ పథకం ప్రారంభించినది. పథకం ఉన్నది, ఉప్పు చాలలేదు. తయారుచేసే యంత్రాలు కొన్నే. అదిగాక గళగండం కొండవారి జబ్బు, మనకేమి అనే తలంపు ఒకటి. తరువాతి పరీక్షలలో మైదానాలలోను, సముద్రతీరాలలోను కూడా లోటు కనబడినది. "మనది సముద్రపు ఉప్పే గదా, అందులో అయొడిన్ ఉండదా?" అని మనలో చాలామంది అడుగుతారు. సముద్రపు నీటిలో ఉన్నది ఉప్పుమడిలో నీరు ఎండేసరికి నిలవదు. హుమ్మ ఉప్పయినా, నౌపడ ఉప్పయినా, తూత్తుకుడి ఉప్పయినా కలిపితేనే ఉంటుంది.

1984లో దేశంలో తినే ఉప్పు యావత్తు అయొడిన్ ఉప్పే కావాలని నిర్ణయించి, 1986 నుంచి అంచెలంచెలుగా అమలు ఆరంభించారు. 1992లో పథకం పేరులో గళగండం తీసివేసి, అయొడిన్ లోపం వలన కలిగే రుగ్మతలు అని చేర్చారు. ఇది మాటల మార్పు కాదు. మెడ వాపు మాత్రమే కాక బిడ్డల తెలివితేటలు కూడా ఇందులో చిక్కుకొని ఉన్నాయని సర్కారు కాగితంమీద ఒప్పుకొన్నది. 1998లో మామ్మగారు విన్న కట్టడి వచ్చినది. కాంగ్రా లెక్క 1962లో తేలినది. మా వీధిలోని అంగడికి చేరడానికి 36 ఏళ్లు పట్టినది.

అంతటితో కథ కంచికి పోలేదు. 2000లో కేంద్రం ఆ కట్టడిని ఎత్తివేసినది. ఏమి తినాలో జనానికే వదలాలని, చిన్న ఉప్పు రైతుల పొట్ట కొట్టరాదని ఒక వాదం. ఈ వాదాన్ని మేము తేలికగా తీసివేయలేము. మళ్లలో మోకాటిలోతు ఉప్పునీటిలో నిలబడి గోరుకొనే కూలీని, గంప మోసే ముసలామెను మేము చూచినవాళ్లమే. ఒక మడి, ఒక పార మాత్రమే ఉన్నవాడు అయొడిన్ చల్లే యంత్రం ఎక్కడినుంచి తేగలడు? కాని ఆ రెండో పక్కన కూడా ఒక పేదరాలే ఉన్నది. చౌక ఉప్పు కొనేది ఆమే, లోటు తగిలేది ఆమె కడుపులోని బిడ్డకే. ఆ బిడ్డకు నోరు లేదు, సంఘం లేదు, అర్జీ పెట్టుకొనే దిక్కు లేదు.

వైద్య శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు. లెక్కలు వారి మాటే నిజమన్నాయి. 1998-99 సర్వేలో తగినంత అయొడిన్ ఉన్న ఉప్పు వాడే ఇళ్లు నూటికి 49. 2002-04 సర్వే నాటికి అవి 30కి పడిపోయినవి. 2006లో కట్టడి తిరిగి వచ్చినది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎంతోకొంత అయొడిన్ ఉన్న ఉప్పు నూటికి 94 ఇళ్లలో కనబడినది. ఇందులో తగినంత ఉన్నవి కొన్ని, జాడమాత్రమే ఉన్నవి కొన్ని. అయినా ఎంత దూరం వచ్చామో చూడండి.

2011లో ఈ సంగతి సుప్రీంకోర్టుకు కూడా వెళ్లినది. ఆనాటి ఆహార కల్తీ నిరోధక చట్టం కింద ఇటువంటి నిర్బంధం పెట్టడానికి వీలు లేదని కోర్టు తేల్చినది. కాని ప్రజారోగ్యాన్ని తలచి ఆరు నెలలపాటు నిబంధనను నిలిపి ఉంచి, ఈలోగా ప్రభుత్వం తగిన ఏర్పాటు చేసుకోవచ్చునన్నది. కొత్త ఆహార భద్రతా చట్టం కింద వచ్చిన నిబంధనలలో ఆ కట్టడి మళ్లీ చోటు చేసుకొన్నది. మంచి పని అయినంత మాత్రాన చాలదు, దానిని సరియైన చట్టం కింద చేయాలి. కచేరీలో పనిచేసేవారికి ఇది కొత్త పాఠం కాదు.

రెండు నిజాలు ఎదురుపడినప్పుడు

ఇంతవరకు చెప్పిన కథలో కష్టపడినది పరిశోధన మండలి, సంస్థలు, డాక్టర్లు. మరి అకాడమీ ఎందుకు అని అడగవచ్చు. ఇప్పుడు రాబోతున్న చిక్కు వినండి.

రక్తపోటు పెరగకుండా ఉండాలంటే పెద్దవారు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన ఊరగాయలు, అప్పడాలు, ఉప్పు మిరపకాయలు తలచుకొంటే మనం ఎక్కడున్నామో ఎవరికి వారికే తెలుసు! ఇప్పుడు చిన్న లెక్క వేద్దాము. 1998 నాటి నిబంధన ప్రకారం తయారైన చోట ఉప్పులో పదిలక్షల భాగాలకు 30 భాగాల అయొడిన్, ఇంటికి చేరేనాటికి కనీసం 15 భాగాలు ఉండాలి. 15 భాగాలున్న ఉప్పు 10 గ్రాములు తింటే 150 మైక్రోగ్రాములు అందుతుంది. గుండె డాక్టరు మాట విని 5 గ్రాములకు తగ్గితే 75 మాత్రమే అందుతుంది. ఆ ఇంట్లో కోడలు గర్భిణి అయితే ఆమెకు కావలసినది 150 కంటె ఎక్కువే.

గుండె డాక్టరు చెప్పినది నిజం. థైరాయిడ్ డాక్టరు చెప్పినదీ నిజం. ఇద్దరి నిజాలూ ఒకే జాడీలో పడ్డాయి. జనం ఉప్పు తగ్గించేకొద్దీ కలిపే అయొడిన్ పాళ్లు సరిచూసుకోవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సలహా ఇచ్చినది. కాని మన దేశానికి ఎంత, ఎప్పుడు, ఏ ప్రాంతంలో ఎలా అని తేల్చవలసినవారు మనవారే. అన్ని శాఖల డాక్టర్లనూ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, అన్ని రిపోర్టులూ ముందు పెట్టి, ఒక్క మాటగా చెప్పించగలిగిన చోటు ఏది? పండితుల సభ కంటె తగిన చోటు మాకు కనబడదు. అకాడమీకి అమ్మవలసిన సరుకు లేదు, గెలవవలసిన ఎన్నిక లేదు. మంత్రులు మారుతారు, కార్యదర్శులు బదిలీ అవుతారు, పాత ఫైలు బీరువా అడుగుకు చేరుతుంది. సభకు మాత్రం జ్ఞాపకం ఉండాలి. 2000లో కట్టడి ఎత్తివేసినప్పుడు ఏమైనదో 2040లో కూడా గుర్తుచేసేవారు ఉండాలి.

అయితే అకాడమీ కూడా మూడు సంగతులు పాటించాలని మా వంటి సామాన్యుల కోరిక. మొదటిది, ప్రభుత్వం అడిగేవరకు కూర్చోక, అవసరమైనప్పుడు అడగకపోయినా చెప్పాలి. రెండవది, చెప్పినది మనకు అర్థమయ్యే భాషలలో చెప్పాలి. ఇంగ్లీషులో వ్రాసిన నివేదిక ఎంత గొప్పదైనా మా మామ్మగారి చెవిన పడదు. మూడవది, విల్మాఁ వంటి చిన్నవాడు వచ్చి పెద్దలకు నచ్చని మాట చెప్పినప్పుడు తలుపు వేసుకోకుండా వినాలి. నమ్మకం అలా వస్తుంది. నమ్మకం లేనిచోట పుకారు కాపురం పెడుతుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు చేతిలోని ఫోనులో పూటకొక కషాయం, గంటకొక భయం చూసినవారందరికీ ఈ సంగతి తెలిసినదే.

మన వంతు

రిపోర్టు, నోటు, ఉత్తర్వు – ఈ మూడూ అయిన తరువాత నాలుగవది మిగిలి ఉన్నది. అది మన వంటింటిలో జరగాలి. పొట్లంమీద అయొడిన్ కలిపినదని వ్రాసి ఉన్నదో లేదో చూసి కొనాలి. విప్పిన ఉప్పును ఎండలోను, పొయ్యి పక్కన తడిలోను ఉంచకూడదు. జాడీకి గట్టి మూత ఉండాలి. కూర ఉడికిన తరువాత చివరలో ఉప్పు వేస్తే అయొడిన్ తక్కువ పోతుంది. ఆవకాయకు కళ్లుప్పే కావాలని పట్టుబట్టే ఇళ్లున్నాయి. వారు రోజువారీ కూర, పులుసులకైనా అయొడిన్ ఉప్పు వాడితే మంచిది. అయొడిన్ ఉన్నది గదా అని గరిటెడు వేసుకోవద్దని వేరే చెప్పనక్కరలేదు.

మా మామ్మగారు ఇప్పుడు లేరు. రామలింగస్వామిగారు 2001లో గతించారు. ఉంటే మామ్మగారికి ఇలా చెప్పేవాళ్లము: "మామ్మగారూ, మీరడిగేరు గదా, ఎవరు చెప్పేరని. మన శ్రీకాకుళం ఆయనే, తన తోటివారితో కలిసి, కొండల్లో పిల్లల మెడలు పట్టి చూసి, లెక్క కట్టి చెప్పేడు. వినడానికి మనవాళ్లకే ముప్పై ఆరేళ్లు పట్టింది."

ఆమె ఏమనేవారో మాకు తెలుసు. "ఇంకోసారి ఎవరైనా చెప్తే కాస్త తొరగా వినమను" అనేవారు.